పిల్లల తొట్టిలో సన్నని పురుగులు

అలంకారం కొరకు గాజుతొట్లలో చేపలను పెంచేవారు మన పట్టణాలలో పలువురు ఉన్నారు. వారిలో కొందరు పెంపకంతో తృప్తి చెందక, ఆడ మగ జతను కలిపి, గుడ్లు పెట్టించి, పిల్లలను సాకే పనికి పూనుకొంటారు. ఈ రెండవ పనికి దిగినవారికి పది పదిహేను దినాలలోనే ఒక భయం ఎదురవుతుంది. ఒక ఉదయం చూస్తే అద్దం మీద తెల్లదారపు తునకల వంటివి కదులుతూ ఉంటవి. పెద్దచేపల తొట్టిలో ఏనాడూ కనిపించని ఈ పురుగులు, ఎంతో జాగ్రత్తగా చూసుకొంటున్న పిల్లల తొట్టిలోనే ఎందుకు పుట్టినవి? ఈ ప్రశ్న వేసుకొనేవారు తక్కువ. దుకాణానికి పోయి ఏదో ఒక మందు తెచ్చి పోసేవారే ఎక్కువ. మరునాటికి పురుగులతో పాటు పిల్లలు కూడా అడుగున తెల్లగా పడి ఉండడం నేను పలువురు విద్యార్థుల నోట విన్న కథ. వందల పిల్లలలో పది కూడా మిగలని ఆ తొట్టిని చూచి, చేపలను పెంచే పనినే మానుకొన్నవారు ఉన్నారు.

నేను జంతుశాస్త్రం బోధించేవాడిని కాను, తెలుగు బోధిస్తాను. అయినను ఈ సమస్యలో మొదటి చిక్కు భాషలోనే ఉన్నదని నా అభిప్రాయం. తెలుగులో పురుగు అనే మాట చాలా విశాలమైనది. బియ్యంలో ఉండేదీ పురుగే, వంకాయలో ఉండేదీ పురుగే, పిల్లవాడి కడుపులో ఉండేదీ పురుగే. ఉర్దూలో కీడా అనే మాట స్థితి కూడా ఇంతే. అవసరం ఉన్నచోట మాత్రం జనం మాటలను చక్కగా వేరుచేసుకొన్నారు. మట్టిలోనిది వానపాము, గాలానికి గుచ్చితే అదే ఎర, కడుపులోనిది ఏలికపాము, మేకలకు పట్టేవి నట్టలు, చెరువులో కాలికి అంటుకొనేది జలగ. గాజుతొట్టి మనకు కొత్త వస్తువు కనుక అందులోని జీవులకు ఇంకా విడివిడి పేర్లు రాలేదు. ఈ విషయంలో మనం సిగ్గుపడవలసిన పని లేదు. కార్ల్ లినేయస్ అంతటి పండితుడు 1758 నాటి తన వర్గీకరణలో, కీటకాలు, పీతలు మొదలైన కీళ్లకాళ్ల జీవులు పోగా మిగిలిన వెన్నెముక లేని ప్రాణులన్నిటినీ వెర్మిస్, అనగా పురుగులు, అనే ఒక్క గంపలో వేశాడు. నత్త, జలగ, హైడ్రా, వానపాము అన్నీ అందులోనివే. తరువాతి తరాల శాస్త్రజ్ఞులు ఆ గంపను ఒక్కొక్కటిగా విడదీశారు. పిల్లల తొట్టి ఎదుట కూర్చున్న వ్యక్తి చేయవలసిన మొదటి పని కూడా అదే. ఏ పురుగో తెలియక ముందు మందు పోయరాదు.

విషయం స్పష్టంగా ఉండడానికి ఒక్క చేపను ఉదాహరణగా తీసుకొందాము. మన యువకులు విరివిగా పెంచేది ఫైటర్ చేప. థాయిలాండ్ దేశపు నిలవనీటి జీవి అయిన ఈ చేప శాస్త్రీయనామం బెటా స్ప్లెండెన్స్. మగచేప నీటిపై బుడగలతో గూడు కడుతుంది. ఆడచేప గుడ్లు పెట్టగానే దానిని తీసివేస్తారు. ఒకటి రెండు దినాలలో గుడ్లు పొదుగుతవి. పిల్లలు మరి రెండు మూడు దినాలు గూటికి వ్రేలాడి, తరువాత అడ్డంగా ఈదడం మొదలుపెడతవి. అప్పుడు మగచేపను కూడా తీసివేస్తారు. ఇక తొట్టిలో మిగిలేది పిల్లలు మాత్రమే. అరవై సెంటీమీటర్ల పొడవు, ముప్పై వెడల్పు గల తొట్టిలో పదిహేను సెంటీమీటర్ల లోతు నీరు ఉంచితే అది 27 లీటర్లు. సన్నని పిల్లలు కొట్టుకొనిపోతవని నీటిని వడపోసే యంత్రం పెట్టరు. అడుగు ఊడ్వరు. వాటి నోటికి పట్టే ఆహారం కొరకు ఉడికించిన కోడిగుడ్డు పచ్చసొనను గుడ్డలో పిండి పోస్తారు, లేదా మెత్తని పొడి చల్లుతారు. పిల్లలు తినేది అందులో అతిస్వల్పం; మిగిలినదంతా అడుగుకు చేరుతుంది.

పై ప్రశ్నకు సమాధానం ఇక్కడే ఉన్నది. పెద్దచేపల తొట్టిలో ఈ పురుగులు పుట్టకపోవడం కాదు, పుట్టినది పుట్టినట్లు చేపలు ఏరుకొని తినివేస్తవి. పిల్లల తొట్టిలో వాటిని తినగల పెద్ద నోరు లేదు, వాటికి ఆహారం మాత్రం సమృద్ధిగా ఉన్నది. శత్రువు లేని చోట, నిండిన ధాన్యపు కొట్టు ముందు ఏ జీవి వృద్ధి చెందదు?

అయితే మొదటి పురుగు ఎక్కడి నుండి వచ్చినది? మురికి నుండి పురుగు దానంతట అదే పుడుతుందనే నమ్మకం చాలా పాతది. ఇటలీ దేశపు ఫ్రాన్సెస్కో రెడి 1668లో ప్రకటించిన ప్రయోగాలలో, గుడ్డ కట్టిన పాత్రలోని మాంసంలో పురుగులు పుట్టలేదని, ఈగలు వాలిన మాంసంలోనే పుట్టినవని చూపించాడు. తొట్టి విషయం కూడా అంతే. నీటిమొక్కల వేళ్లకు అంటుకొని, నత్తల వెంట, చెరువు నుండి తెచ్చిన నీటిలో, మురుగుకాలువల నుండి పట్టి అమ్మే ట్యూబిఫెక్స్ ఎర్రపురుగుల ముద్దలో కలిసి ఈ జీవులు వస్తవి. వచ్చినవి కొన్నే, వాటిని వేలు చేసేది మనం చల్లే పొడి.

ఇక గుర్తించడం. దీనికి ఒక భూతద్దం, ఒక టార్చిలైటు, తొట్టినీరు పోసిన తెల్లని సాసరు చాలు. పురుగు రంగు కన్న, పొడవు కన్న, అది కదిలే తీరును చూడవలెను. నా అనుభవంలో నూటికి తొంభైసార్లు కనిపించేవి వానపాముకు దూరపు చుట్టాలైన సన్నని ఖండితదేహులు. అనెలిడా వర్గంలో నైడిడే కుటుంబానికి చెందినవి. తెల్లగానో, లేత గోధుమరంగులోనో, వెంట్రుక అంత సన్నగా ఉంటవి. అద్దం మీద ముడుచుకొంటూ సాగుతూ పాకుతవి. నీటిలో వదిలితే పామువలె మెలికలు తిరుగుతూ ఈదుతవి. భూతద్దంలో దేహంపై సన్నని నూగు కనిపించవచ్చును. వీటిలో చాలా జాతులు తమ శరీరాన్నే మధ్యకు విభజించుకొని రెండవుతవి కనుక సంఖ్య త్వరగా పెరుగుతుంది. కుళ్లిన ఆహారం, సూక్ష్మజీవులు వీటి తిండి. చేపపిల్లలను కాని, ఆరోగ్యంగా ఉన్న గుడ్లను కాని ఇవి తినవు. చచ్చిన గుడ్డుపై గుంపుగా కనిపిస్తే, చంపినవి ఇవే అని నేరం మోపేవారు ఉన్నారు. అది శవం దగ్గర కాకిని చూచి హంతకుడనడం వంటిది.

రెండవ రకం నెమటోడులు, అనగా గుండ్రని పురుగులు. వీటి దేహంలో నిలువు కండరాలే ఉన్నవి, చుట్టు కండరాలు లేవు. అందువలన ఇవి సాగలేవు, ముడుచుకోలేవు. కొరడా ఝళిపించినట్లు ఒకచోటనే అటూ ఇటూ కొట్టుకొంటవి. ఈ ఒక్క గుర్తు చాలు. స్వేచ్ఛగా జీవించే ఈ సన్ననివి కూడా పిల్లలకు హాని చేయవు.

ఎర్రగా ఉండి, ఎనిమిది అంకె ఆకారంలో మెలి తిరుగుతూ ఎగిసిపడేది అసలు పురుగే కాదు. అది కైరోనోమిడ్ అనే చిన్న ఈగ డింభకం. దాని ఎరుపు మన రక్తంలో ఉండే హీమోగ్లోబిన్ వలననే. కొన్ని దినాలకు రెక్కలు వచ్చి ఎగిరిపోతుంది.

భయపడవలసినవి రెండు ఉన్నవి. మొదటిది ప్లనేరియా. ఇది బల్లపరుపు పురుగుల వర్గంలోనిది. దీని నడక చూచినవారు మరచిపోరు. పాకదు, మెలికలు తిరగదు. అడుగుభాగపు శైలికల సాయంతో, నూనె పూసిన పలకపై జారినట్లు నిదానంగా జారిపోతుంది. తల బాణపుమొన వలె త్రికోణంగా ఉంటుంది. దానిపై రెండు కన్నుచుక్కలు మెల్లకన్ను వేసినట్లు కనిపిస్తవి. నోరు తలలో లేదు, పొట్ట నడుమ ఉన్నది! అక్కడి నుండి గొట్టం వంటి గ్రసనిని బయటికి చాచి ఆహారాన్ని పీల్చుకొంటుంది. వెలుతురంటే గిట్టదు కనుక పగలు రాళ్ల క్రింద, ఆకుల అడుగున దాగి రాత్రి తిరుగుతుంది. కదలలేని గుడ్లు, అప్పుడే పొదిగి ఇంకా ఈదలేని పిల్లలు దీనికి సులభంగా చిక్కుతవి. ఆకుపైనో పలకపైనో గుడ్లు అంటించే ఏంజల్ చేపల తొట్టిలో, తల్లిదండ్రులను తీసివేసిన పక్షంలో, ఈ ప్రమాదం అధికం. త్రికోణపు తల లేని, రెండు మూడు మిల్లీమీటర్లు మించని తెల్లని చదునుపురుగులు కూడా ఇట్లే జారుతూ పోతవి. అవి ఇంత ప్రమాదకరమైనవి కావు. కనుక తలను చూడనిదే తీర్పు చెప్పరాదు.

ప్లనేరియాను బ్లేడుతో గీకి ముక్కలు చేసి సంతోషించేవారికి ఒక మాట చెప్పవలసి ఉన్నది. దీని పునరుత్పత్తి శక్తి అసాధారణమైనది. అనువంశికతపై పరిశోధనలకు 1933లో నోబెల్ బహుమానం పొందిన టి. హెచ్. మోర్గాన్, అంతకు చాలా ముందు, 1898 ప్రాంతంలో, ఈ జీవిని కోసి పరిశీలించాడు. దేహంలో 279వ వంతు ముక్క కూడా పూర్తి జీవిగా పెరగగలదని ఆయన ప్రయోగాలను గూర్చి చెబుతారు. తొట్టిలో ఒక ప్లనేరియాను మూడు ముక్కలు చేయడమంటే మూడింటిని నాటడమే. దానికి సరైన ఉపాయం ఎర. చిన్న గాజుసీసాలో గోరంత పచ్చిమాంసం వేసి, సన్నని దారి మాత్రమే ఉండేటట్లు మూతికి గుడ్డ బిగించి, దీపాలార్పిన తరువాత అడుగున పెట్టాలి. రెండు మూడు గంటల తరువాత తీస్తే అవి అందులో చేరి ఉంటవి. వరుసగా నాలుగైదు రాత్రులు ఇట్లు చేస్తే సంఖ్య బాగా తగ్గుతుంది. తెల్లవారే దాకా ఉంచితే మాంసం కుళ్లి నీరు చెడుతుంది.

రెండవ శత్రువు హైడ్రా. ఇది పురుగు కాదు, సముద్రపు జెల్లీచేపకు బంధువు. అద్దానికి ఒక కొన అంటించుకొని, రెండవ కొన చుట్టూ స్పర్శకాలను జడపాయల వలె వ్రేలాడదీస్తుంది. తాకితే చుక్కంత అయిపోతుంది. స్పర్శకాలపై ఉన్న దంశకణాలతో కొత్తగా ఈదుతున్న పిల్లను స్తంభింపజేసి మింగగలదు. అబ్రహాం ట్రెంబ్లే అనే ఆయన 1740 తరువాత దీనిని కోసి చూచి, ముక్కలు మరల పూర్తి జీవులు కావడం లోకానికి తెలిపాడు. కనుక దీనిని కూడా అద్దం మీద నలపరాదు. పిల్లలకు వేసే సన్నని జీవాహారమే హైడ్రాకూ ఆహారం; అది ఎక్కువైనచోట ఇదీ పెరుగుతుంది.

చేప దేహంలో ఉండే పరాన్నజీవుల మాట వేరు. గప్పీ చేప మలద్వారం నుండి ఎర్రదారాలు వ్రేలాడుతుంటే అవి కామల్లానస్ అనే నెమటోడులు. అద్దం మీద పాకే తెల్లపురుగులకు, వీటికి ఏ సంబంధమూ లేదు. వీటి డింభకాలు సైక్లాప్స్ అనే నీటిజీవి కడుపులో పెరిగి, దానిని తిన్న చేపకు చేరుతవి. సైక్లాప్స్ పేరు మన పెద్దలకు తెలియకపోయినను దాని పని తెలుసు. దిగుడుబావుల నీరు త్రాగినవారికి నారికురుపు కలిగించిన పురుగు డింభకాలను మోసినది ఈ జీవియే. నీటిని గుడ్డతో వడగట్టుకోవడం, మెట్లబావులను మాన్పించడం వలన మన దేశంలో ఆ వ్యాధి 1996తో అంతరించినది. 2000లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆ సంగతిని ధ్రువీకరించినది. తొట్టి పెట్టినవారు కూడా చెరువునీటిని వడగట్టక పోయరాదు.

ఇప్పుడు అసలైన విషయానికి వస్తాను. హాని చేయని పురుగులు అద్దం మీద ఉంటే ఊరుకోవచ్చునా అని అడగవచ్చు. పురుగును గూర్చి ఊరుకోవచ్చు. అది చెప్పే కబురును గూర్చి ఊరుకోరాదు. సాధారణంగా ఈ పురుగులు అడుగు మడ్డిలో దాగి ఉంటవి. ఒకనాడు గుంపుగా అద్దం ఎక్కి నీటిపైభాగానికి చేరినవంటే, అడుగున ప్రాణవాయువు తగ్గినదని అనుమానించవలెను. కుళ్లే పచ్చసొన ప్రాణవాయువును హరిస్తుంది. అదీగాక వెచ్చని నీటిలో అది తక్కువగా కరుగుతుంది. ఇరవై డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు కరిగితే, ముప్పై డిగ్రీల వద్ద ఏడున్నరకు మించదు.

ఫైటర్ చేప విషయంలో ఇది మరింత ముఖ్యం. పెద్ద ఫైటర్ నీటిపైకి వచ్చి గాలి పీలుస్తుంది. దాని తలలో అందుకు లాబిరింత్ అనే ప్రత్యేక అవయవం ఉన్నది. కనుక ఎంత చెడిన నీటిలోనైనా అది హాయిగా ఉన్నట్లే కనిపిస్తుంది. పిల్లలకు ఆ అవయవం మొదటి కొన్ని వారాలలో ఏర్పడదు. అవి మొప్పలతోనే బ్రతకాలి. తండ్రి స్థితిని చూచి పిల్లల స్థితిని అంచనా కట్టేవారు ఇక్కడనే దెబ్బతింటారు. పిల్లలు చెప్పలేని మాటను అద్దమెక్కిన పురుగులు చెబుతున్నవి.

ఇట్టి సమయంలో మందు పోస్తే ఏమగునో ఊహించండి. గొర్రెలకు, పశువులకు నట్టల మందుగా వాడే ఫెన్‌బెండజోల్ ప్లనేరియాను, హైడ్రాను చంపగలదు. నత్తలను కూడా చంపుతుంది. లెవామిసోల్ నెమటోడులను స్తంభింపజేస్తుంది, అందుకే కామల్లానస్‌కు దానిని వాడుతారు. మందులు పనిచేయవని నేను అనడం లేదు. కాని అడుగున వేల పురుగులు ఒక్క రాత్రిలో చస్తే ఆ దేహాలన్నీ అక్కడే కుళ్లుతవి. కుళ్లిన మాంసకృత్తుల నుండి అమోనియా పుడుతుంది. దానిని నైట్రైటుగా, నైట్రేటుగా మార్చే బాక్టీరియాలు కొత్త తొట్టిలో ఇంకా స్థిరపడలేదు. పైగా మన బోరునీరు చాలాచోట్ల క్షారగుణం కలది. నీటి పి.హెచ్. 7 ఉంటే, ఇరవై అయిదు డిగ్రీల వద్ద, అమోనియాలో విషరూపంలో ఉండేది నూటికి ఒక వంతు కన్న తక్కువ, పి.హెచ్. 8 అయితే అది నూటికి అయిదు వంతులు దాటుతుంది. అదే మురికి, అదే మందు, నీటిని బట్టి ఒక ఇంట పిల్లలు బ్రతకడం, పక్క ఇంట చావడం ఇందువలననే.

ప్లనేరియా నిశ్చయమై, ఎరతో లొంగనప్పుడు మాత్రమే మందు మాట తలపెట్టాలి. అదైనా గుడ్లు పెట్టించక ముందు ఖాళీ తొట్టిలో చేయడం ఉత్తమం. గొర్రె బరువును బట్టి కొలతలు వ్రాసిన పొడిని 27 లీటర్ల తొట్టికి కంటిచూపుతో చల్లడం మాత్రం తగదు.

మిగిలిన సందర్భాలలో చికిత్స నీరూ, నిగ్రహమూ. పురుగులు కనిపించిన నాడు పొడి ఆహారం పూర్తిగా ఆపండి. గాలిగొట్టం వంటి సన్నని రబ్బరుగొట్టంతో అడుగు మడ్డిని పీల్చి తెల్లని గిన్నెలోకి వదలండి. పొరపాటున వచ్చిన పిల్లలు అందులో కనిపిస్తవి, చెంచాతో మరల వేయవచ్చు. తీసినంత నీటిని, ముందునాడు పట్టి ఉంచి, తొట్టి నీటి వేడికి సమానంగా ఉన్నదాన్ని, చుక్కచుక్కగా పోయండి. రోజుకు తొట్టిలో పదవ వంతుకు మించనవసరం లేదు. 27 లీటర్లకు రెండున్నర లీటర్లు, అంటే చిన్న బిందె కూడా కాదు. గాలిబుడగలు మెల్లగా వచ్చేటట్లు ఒక రాయి అమర్చండి. పురుగులన్నీ పోవాలనే పట్టుదల వద్దు. పది దినాలలో అవి అద్దం దిగి, కంటికి కనిపించనంతగా తగ్గుతవి.

పొడి ఆపితే పిల్లలు తినేదేమి? ఇక్కడ ఒక చమత్కారం ఉన్నది. మైక్రోవర్మ్ అని చేపల పెంపకందార్లు పిలిచేది కూడా ఒక నెమటోడే. ఉడికించిన ఓట్లముద్దపైనో, తడి రొట్టెపైనో కొంచెం ఈస్ట్ చల్లి, పాత సంపర్కం నుండి చెంచాడు వేస్తే, వారం లోపల అవి డబ్బా గోడలెక్కుతవి. గోడ మీద వాటినే, ముద్ద అంటకుండా, వేలితో తీసి నీటిలో కడిగి వేయాలి. అవి అడుగుకు దిగి కొన్ని గంటలకు చస్తవి కనుక పిల్లలు తినగలిగినంతే వేయాలి. పులిసిన ఆపిల్ రసపు వెనిగర్‌లో పెరిగే వెనిగర్ ఈల్ ఇంకా మేలు. పొడవుమెడ సీసాలో ఆ వెనిగర్ పోసి, మెడలో దూది దూర్చి, పైన మంచినీరు పోస్తే ప్రాణవాయువు కొరకు పురుగులు దూదిని దాటి పై నీటిలోకి వస్తవి. పులుపు క్రిందనే ఉండిపోతుంది. ఆ పైనీటిని తీసి తొట్టిలో వేస్తే అవి కొన్ని దినాలు బ్రతికి, పిల్లలు తిరిగే పైభాగంలోనే ఈదుతుంటవి. పురుగులను చూచి హడలి మందు తెచ్చిన ఇంట్లోనే అటువంటి పురుగులను పెంచి పెట్టవలసి రావడం విచిత్రంగా తోచవచ్చు.

వారం గడచి నోరు కొంచెం పెద్దదైన పిల్లలకు అప్పుడే పొదిగించిన ఆర్టీమియా వేయవచ్చు. దాని గుడ్లు ఉప్పునీటిలో, ఇరవై ఎనిమిది డిగ్రీల వద్ద, ఒకటి ఒకటిన్నర దినాలలో పొదుగుతవి. ఆ పైన అయిదారు వారాలకు పిల్లలు వ్రేలి గోరంత అవుతవి. అప్పుడు ఒక సాయంత్రం మడ్డిని కొంచెం కదిపి చూడండి. పైకి లేచిన తెల్లపురుగులను, వాటికి భయపడి మనం చంపబోయిన ఆ పిల్లలే ఒకటొకటిగా పట్టి తింటవి.